గృహారోగ్యము: తప్పిన నాడి, పడిపోయిన చేయి

గడచిన మాసమున మాకొక జాబు వచ్చినది. వ్రాసిన సోదరి పేరును ఊరును తెలుపక ఆమె ప్రశ్నను మాత్రమే ఇచట చెప్పుచున్నాము. ఆమె మామగారికి ఏడాది క్రిందట పక్షవాతము వచ్చినదట. కుడిచేయి, కుడికాలు పడిపోయి, మూతి వంకరపోయి, ఆరుమాసములు మంచమున నుండి, పిదప కోలుకొని, ఇప్పుడు చేతికఱ్ఱతో వీథి చివర వఱకు నడచుచున్నారట. "చేయియు కాలును బాగుపడినవి గదా! మఱి డాక్టరుగారు గుండెకని ఒక మందు వ్రాసి జీవితాంతము వాడుమన్నారు. మామగారికి గుండెనొప్పి యెన్నడును లేదు. ఈ మందునకు నెలనెల రక్తపరీక్ష యొకటి. దీనిని మానిపింపవచ్చునా?" అని ఆమె యడిగినది.

సోదరీ, మానిపింపవలదు. సమాధానము ఒక్కమాటతో ముగియునదే. కాని, యెందుకో తెలియక పాటించిన మాట యెక్కువ దినములు నిలువదు. కావున ఈ మాసపు పుటలను ఈ విషయమునకే కేటాయించుచున్నాము. దీనినిగూర్చి మాకు స్వానుభవము కూడ కలదు. అది సంతోషముతో చెప్పుకొనదగినది కాదు. అయినను చెప్పకుండిన మీకు మేలు జరుగదు.

మా యింట జరిగినది

2019వ సంవత్సరము కార్తికమాసము. మా అత్తగారికి అప్పుడు 71 ఏండ్లు. తెల్లవాఱుజామున తులసికోట యొద్ద దీపము పెట్టుచుండగా ఆమె కుడిచేతినుండి ప్రమిద జాఱిపడినది. మేము పరుగెత్తి చేరునప్పటికి ఆమె ఏదియో చెప్పబోవుచుండిరి. మాట ముద్దయై వెలికి రాలేదు. అరుగుపై కూర్చుండబెట్టితిమి. పదినిమిషములు గడవక ముందే చేయి లేచినది, మాట తిరిగినది. "ఉపవాసము గదమ్మా, చలికి చేయి తిమ్మిరెక్కినది, అంతే" యని ఆమె నవ్విరి. మేమును నవ్వితిమి. మావారు ఎప్పటివలెనే పాఠశాలకు వెళ్లిరి. ఆ సంగతి ఆనాటి సాయంకాలమునకే మఱచితిమి.

పందొమ్మిది దినములు గడచినవి. ఒకనాటి యుదయము అయిదుగంటలకు ఆమె పెరటిలో కుప్పకూలిరి. కుడివైపు కదలిక లేదు. కన్నులు మాత్రము మావైపు చూచుచున్నవి. నోట మాట లేదు. ఇరుగుపొరుగువారు చేరిరి. ఒకరు తైలము కాచి మర్దింపుమనిరి. ఒకరు పావురపు నెత్తురు రాచిన పక్షవాతము తిరుగుముఖము పట్టుననిరి. పావురమునకై మనిషి వెళ్లెను. మఱియొకరు పొరుగూర పసరు పోయువాని పేరు చెప్పిరి. అందఱును మేలుకోరినవారే. పెద్దలమాట కాదనుటకు మాకు ధైర్యము చాలలేదు. పెద్ద ఆసుపత్రికి చేరునప్పటికి మధ్యాహ్నము రెండుగంటలైనది. అనగా తొమ్మిదిగంటల కాలము మాచేతులలోనే జాఱిపోయినది.

అచటి డాక్టరుగారు యంత్రములు తెప్పించుటకు ముందే అత్తగారి మణికట్టు పట్టుకొని, నిమిషముసేపు మాటాడక నిలిచి, "ఈమె నాడిని మీలో ఎవరైన ఎప్పుడైన చూచినారా?" అని యడిగిరి. ఒక్కరమును బదులు చెప్పలేకపోయితిమి. మా చిన్ననాట మా తండ్రిగారు మాకు శార్ఙ్గధరసంహితలోని నాడీపరీక్షాభాగమును చదివి చెప్పియుండిరి. ఆగి యాగి నడచు నాడి ప్రాణాపాయమును సూచించునని అందు చెప్పబడియున్నది. ఆ శ్లోకము మాకు కంఠస్థమే. కాని దినమునకు పదిసారులు మేము తాకుచుండిన అత్తగారి చేతిని ఒక్కనాడును ఆ దృష్టితో పట్టి చూడలేదు.

గుండెకును పక్షవాతమునకును సంబంధమేమి?

చేయి పడిపోయినది గనుక పక్షవాతము చేతికి వచ్చు జబ్బని మనము తలంతుము. అది మెదడునకు వచ్చు జబ్బు. డాక్టర్లు స్ట్రోకు అనునది దీనినే. మెదడు మన శరీరపు బరువులో నూటికి రెండుపాళ్లు మాత్రమే యున్నను, శరీరము వాడుకొను ప్రాణవాయువులో నూటికి ఇరువదిపాళ్లు అదియే తీసికొనును. ఆ ప్రాణవాయువు రక్తముతో చేరవలెను. రక్తనాళము మూసికొనిపోయిన యెడల ఆ నాళముపై ఆధారపడిన మెదడుభాగము ఆకలిగొని చచ్చును. నాళము చిట్లి నెత్తురు మెదడులో చిమ్మినను పక్షవాతమే కలుగును. ఈ రెండింటిలో మూసికొనిపోవుటయే యెక్కువ. మెదడు ఎడమభాగము శరీరపు కుడిభాగమును నడపును. పెక్కుమందికి మాట కూడ ఆ యెడమవైపుననే యుండును. కనుకనే కుడివైపు పడిపోయినవారికి తఱచుగా మాటయు పోవును.

ఇక నాళమును మూయు నెత్తురుగడ్డ యెచటనుండి వచ్చును? కొందఱికి మెడలోని పెద్దనాళములలో క్రొవ్వు పేరుకొని అచటినుండి వచ్చును. కొందఱికి రక్తపుపోటు చేతను చక్కెరవ్యాధి చేతను మెదడులోని సన్ననాళములే చెడి మూసికొనును. మఱికొందఱికి ఆ గడ్డ గుండెలో పుట్టి మెదడునకు ప్రయాణము చేయును. మా అత్తగారికి జరిగినది ఇదియే. జాబు వ్రాసిన సోదరి మామగారికి ఇచ్చిన మందునుబట్టి చూడగా వారికి జరిగినదియు ఇదియే కావచ్చును.

గుండెలో నాలుగు గదులు కలవు. పైరెండును కర్ణికలు, క్రిందిరెండును జఠరికలు. విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 60 మొదలు 100 సారుల వఱకు కర్ణికలు ముందు ముడుచుకొని నెత్తురును క్రిందికి త్రోయును. వెంటనే జఠరికలు ముడుచుకొని దానిని దేహమంతటికి పంపును. రోకటిపోటులు వంతు తప్పక పడినట్లు ఈ రెండును ఒకదాని వెంట నొకటి నడచును. కొందఱికి వయసు ముదిరినకొలదియు, రక్తపుపోటు చాలకాలము హెచ్చియుండుట చేతను, గుండెకవాటములు చెడుట చేతను, థైరాయిడు గ్రంథి మితిమీఱి పనిచేయుట చేతను, మద్యపానము చేతను ఈ వంతు చెడును. కర్ణికలు ముడుచుకొనుటకు మాఱుగా నిమిషమునకు మూడువందలకు మించి ఊరక అదరుచుండును. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. మనము కర్ణికాకంపనము అనుకొందము.

అదరుట పని కాదు. పాలు కలచుచున్నంతసేపు పేరుకొనవు. తోడు వేసి కదల్పక యుంచిన తోడుకొనును. నెత్తురు స్వభావమును కొంత అట్టిదే. ఎడమకర్ణికకు చెవితమ్మెవలె చిన్న సంచి యొకటి వ్రేలాడుచుండును. కర్ణిక అదరుచున్నప్పుడు నెత్తురు ఆ సంచిలో నిలువ చేరి గడ్డకట్టును. కవాటములు బాగుగా నున్నవారికి పుట్టు గడ్డలలో నూటికి సుమారు తొంబది ఆ సంచిలోనే పుట్టుచున్నవని పరీక్షించినవారు చెప్పుదురు. ఆ గడ్డ ఒకనాడు ఊడి, జఠరికలోనికి దిగి, మహాధమనిలో పడి, మెడనాళమువెంట మెదడునకెక్కును. గుండెనుండి వచ్చు గడ్డ పెద్దది కావచ్చును. అందుచేత ఈ విధమగు పక్షవాతము తఱచు తీవ్రముగా నుండును.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అను పట్టణమున 1948 మొదలుకొని అచటి పౌరుల గుండె ఆరోగ్యమును తరతరములుగా కనిపెట్టుచున్నారు. 1991లో వారు ప్రకటించిన లెక్క ప్రకారము కర్ణికాకంపనము గలవారికి పక్షవాతభయము ఇతరులకన్న సుమారు అయిదురెట్లు అధికము. 50 మొదలు 59 ఏండ్లవారి పక్షవాతములలో నూటికి ఒకటిన్నర మాత్రమే దీనివలన కలుగగా, 80 దాటినవారిలో నూటికి ఇరువదిమూడు దీనివలననే కలిగినవి. ఇంటిలో వృద్ధులున్నవారందఱును గమనింపవలసిన సంగతి యిది.

పడుచువారికిని భయము కలదు

ఇది ముసలితనపు జబ్బు మాత్రమేయని తలంపవలదు. మన దేశమున మఱియొక మార్గము కలదు. చిన్నపిల్లలకు గొంతువాపు వచ్చి, తగిన మందు పడక, కొందఱికి కీళ్లు వాచు జ్వరము తగులును. కీళ్లవాపు తగ్గును. గుండెకవాటమునకు తగిలిన దెబ్బ మాత్రము నిలిచిపోవును. ఏండ్లు గడచిన పిదప ఎడమవైపున రెండుగదుల నడుమనున్న కవాటము సన్నగిలి, కర్ణిక ఉబ్బి, అదరుట మొదలిడును. ఇట్టివారికి పక్షవాతభయము ఇంకను హెచ్చు. కడుపుతో నున్నప్పుడు నాలుగుమెట్లెక్కిన ఆయాసపడు కోడలిని "సుకుమారి" యని పరిహసింపక గుండె చూపింపుడు. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినప్పుడు డాక్టరు వ్రాసిన మందును మధ్యలో ఆపక పూర్తిగా వాడింపుడు. కూతురి గొంతునకు నేడు వాడిన మందు ఆమె ముప్పదవయేట వచ్చు పక్షవాతమును తప్పింపగలదు.

మందు యేల మానరాదు?

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వత్తము. ఆమె మామగారి చేయి బాగుపడినది. కర్ణిక బాగుపడలేదు. అది నేడును అదరుచునే యుండవచ్చును. లేదా ఆగి యాగి అదరుచుండవచ్చును. అందఱికిని గుండెదడ తెలియదు. పెక్కుమందికి నొప్పియు నుండదు, ఆయాసమును ఉండదు. నొప్పిలేదు గనుక జబ్బులేదనుట ఇచట చెల్లదు. డాక్టరుగారిచ్చిన మందు వచ్చిన పక్షవాతమునకు కాదు, రాబోవుదానిని ఆపుటకు.

ఆ మందు పుట్టుక విచిత్రమైనది. 1920వ దశాబ్దిలో ఉత్తర అమెరికాలో పశువులు చిన్నగాయమునకే నెత్తురు కాఱి చచ్చుచుండెను. బూజుపట్టిన ఒక తీపిగడ్డిని మేయుటయే కారణమని తేలినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ గడ్డిలోని పదార్థమును వేఱుచేసెను. దానినుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా అంగడికి వచ్చి, 1954లో మనుష్యుల ఔషధమాయెను. మితముగా వాడిన అది గడ్డకట్టుటను తగ్గించును. కర్ణికాకంపనము గలవారిలో వార్ఫరిన్ పక్షవాతములను మూడింట రెండువంతుల మేర తగ్గించునని పరిశోధనలన్నిటిని కూర్చి 2007లో లెక్క చూచిరి. ఆస్పిరిన్‌కు అంతటి శక్తి లేదు. కావున "రెండును నెత్తురు పలుచనజేయునవే గదా" యని ఒకదానికి మాఱుగా మఱియొకటి మీయంత మీరు ఈయవలదు.

నెలనెల పరీక్ష అందుకే. మోతాదు తక్కువైన గడ్డకట్టును, ఎక్కువైన నెత్తురు కాఱును. ఐ.ఎన్.ఆర్. అను పరీక్షలో ఆ అంకె సాధారణముగా రెండు మూడులనడుమ నుండవలెను. ఇందు వంటయింటి పాత్రయు కలదు. ఆకుకూరలలో కె విటమిన్ అధికము. అది వార్ఫరిన్‌కు ఎదురు పనిచేయును. ఆకుకూరలు మానవలెనని దీని యర్థము కాదు. ఒకవారము దినదినము తోటకూరయు పాలకూరయు వండి, మఱువారము బొత్తిగా మానుట తగదు. ఎల్లప్పుడు ఒకే కొలతగా వండిన చాలును. ఇతరులు చెప్పిన నొప్పిమాత్రలు, మూలికల చూర్ణములు డాక్టరునడుగక కలుపవలదు. పన్ను తీయించునప్పుడు ఈ మందు సంగతి ముందుగా చెప్పుడు. మలము నల్లగా పోయినను, మూత్రము ఎఱ్ఱబాఱినను, తలకు దెబ్బ తగిలినను జాగుచేయక ఆసుపత్రికి వెళ్లుడు. బిడ్డ కావలెనని కోరు స్త్రీ ఈ మందు వాడుచున్నచో ముందుగానే డాక్టరుతో చెప్పవలెను. ఇది గర్భస్థశిశువునకు హాని చేయవచ్చును.

2010 తరువాత నెలనెల ఈ పరీక్ష యక్కఱలేని క్రొత్తమందులు కొన్ని వచ్చినవి. డబిగట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ అట్టివి. పరీక్షల ప్రయాస భరింపలేనివారు వీనినిగూర్చి డాక్టరునడుగవచ్చును. కాని కీళ్లజ్వరమువలన కవాటము సన్నగిలినవారికి వార్ఫరినే మేలని 2022లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధన తేల్చినది. లోహపుకవాటము అమర్చబడినవారికిని వార్ఫరినే తగినది. ఏది యెవరికి తగునో డాక్టరే నిర్ణయింపవలెను. మన పని మాత్రము ఒకటే: వ్రాసిన మందు ఒక్కపూట తప్పకుండ చూచుట.

నాడిని చూచు విధము

స్త్రీలకు ఎడమచేయి, పురుషులకు కుడిచేయి చూచుట మన పెద్దల యాచారము. మన ప్రయోజనమునకు ఏ చేయియైనను ఒకటే. ఇంటి పెద్దలను అయిదునిమిషములు నెమ్మదిగా కూర్చుండబెట్టుడు. అరచేయి పైకి త్రిప్పి, బొటనవ్రేలి మొదటనున్న మణికట్టుపై మీ నడిమి మూడువ్రేళ్లను మెల్లగా ఆనింపుడు. మీ బొటనవ్రేలిని వాడవలదు. దానికి సొంతనాడి యుండుటచేత పొరపాటు కలుగును. గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపుడు.

లెక్కతోబాటు నడకను గమనింపుడు. సరియైన నాడి పద్యపు గణములవలె నియతముగా నడచును. అప్పుడప్పుడొక దెబ్బ తప్పి మరల సర్దుకొనుట పెక్కుమందికి కలదు. అది తఱచుగా ప్రమాదము కాదు. కర్ణికాకంపనమున దెబ్బలకు వరుసయే యుండదు. రెండు త్వరగా, ఒకటి ఆలస్యముగా, ఒకటి బలముగా, ఒకటి అందీయందక, ఏ రెండింటి నడుమ దూరమును సమానము కాక నడచును. అట్లు తోచినచో భయపడవలదు, ఉపేక్షింపవలదు. డాక్టరుకడ ఇ.సి.జి. తీయింపుడు. హాలెండు దేశమున లైడెన్ నగరపు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ నూఱేండ్లకు పూర్వము రూపొందించి, 1924లో నోబెల్ బహుమానము పొందినది ఈ యంత్రమునకే. మన వ్రేళ్లు అనుమానమును మాత్రమే కలిగించును. నిశ్చయము చేయునది ఆ యంత్రము. ఒకమారు సరిగా నున్నను, ఈ వ్యాధి వచ్చిపోవునది కావున, 65 ఏండ్లు దాటినవారి నాడిని అప్పుడప్పుడు చూచుచునే యుండవలెను.

పక్షవాతము వచ్చినచో

మూడింటిని చూడుడు. నవ్వుమనిన మూతి ఒకవైపునకు లాగుచున్నదా? రెండుచేతులు చాచుమనిన ఒకటి వ్రాలుచున్నదా? ఒక చిన్నమాట చెప్పుమనిన నాలుక ముద్దగట్టుచున్నదా? వీనిలో ఒక్కటి తోచినను వెంటనే గడియారము చూచి వేళ గుర్తుంచుకొనుడు. నిద్రనుండి లేచునప్పటికే అట్లున్నచో, కడపట బాగుగా నున్న వేళ యేదో జ్ఞాపకము తెచ్చుకొనుడు. డాక్టరు మొదట అడుగునది అదియే.

108నకు ఫోను చేయుడు. ఆంధ్రదేశమున 2005లో మొదలైన ఈ వాహనసేవ నేడు రెండు తెలుగురాష్ట్రములలోను కలదు. సి.టి. స్కాను ఉన్న ఆసుపత్రికే తీసికొనిపొండు. నాళము మూసికొన్నదా, చిట్లినదా యని ఆ స్కానే చెప్పును. అది తేలకముందు ఆస్పిరిన్ మాత్ర యైన నోట వేయవలదు. నీరు, కాఫీ, పసరు, ఏదియు పోయవలదు. మ్రింగలేనివారికి అది ఊపిరితిత్తులలోనికి పోవును.

గడ్డను కరగించు సూదిమందు కలదు. సాధారణముగా నాలుగున్నరగంటలలోపలనే ఈయవలెను. పెద్దనాళము మూసికొనినచో సన్నని గొట్టము ద్వారా గడ్డను లాగివేయు చికిత్సయు కలదు. తగినవారికి అది 24 గంటల వఱకు కూడ చేయుదురు. కాని వేళ గడచినకొలది ఫలము తగ్గును. పెద్దనాళము మూసికొన్నప్పుడు నిమిషమునకు పందొమ్మిది లక్షల మెదడుకణములు నశించునని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టెను. మేము పావురమునకై ఎదురుచూచిన గంటలను ఈ లెక్కతో గుణించుకొనుటకు మాకు ఇప్పటికిని చేతులాడవు.

లక్షణములు పదినిమిషములలో తగ్గిపోయినను ఇంటనే యుండిపోవలదు. అది తిమ్మిరి కాదు, హెచ్చరిక. అట్లు వచ్చిపోయిన తరువాతి కొలదిదినములలోనే పెద్ద పక్షవాతభయము అధికము. ఆ ప్రమిద పడిననాడే ఆసుపత్రికి వెళ్లియుండినచో నాడి తప్పుట నాడే తెలిసియుండును, మందు నాడే మొదలైయుండును.

మా అత్తగారు నేడు గోడపట్టుకొని నడచుచున్నారు. మాట పూర్తిగా రాలేదు. "మంచినీళ్లు" అనవలెనని యత్నించి అనలేక కన్నీరు పెట్టుకొందురు. కాని చిన్ననాడు వల్లించిన పద్యము నెవరైన ఎత్తుకొనినచో తుదివఱకు తప్పులేక చదివెదరు. కంఠస్థమైనవి మెదడులో మాటాడు త్రోవకన్న వేఱుత్రోవను వచ్చుచుండునని డాక్టరుగారు చెప్పిరి. సాయంకాలము మందు ఇచ్చునప్పుడు మేమొక పద్యము మొదలిడుదుము. ఆమె పూర్తిచేయుదురు. ఆ సమయముననే ఆమె మణికట్టు మా వ్రేళ్లలో నుండును. పద్యము గణము తప్పదు, నాడి తప్పుచునే యుండును. అందుచేతనే మందును మేము తప్పనీయము.

జాబు వ్రాసిన సోదరీ, నీ మామగారి మందు మానిపింపకుము. మిగిలిన సోదరీమణులారా, ఈ పుటను మూసి, మీ యింటి పెద్దల ప్రక్కన ఒక్క నిమిషము కూర్చుండుడు. ఒక చేయి పట్టుకొనుటకు ఖర్చేమియు లేదు.